ఈగ కంట్లో ఎవరి మాట ఎవరు విన్నారు

వేసవిలో బరంపురం బడా బజార్లో అరటి గెలల పక్కన నిలబడితే మొహం ముందు చెయ్యి ఆడించకుండా ఉండలేం. ముసిరే ఆ చిన్న ప్రాణులన్నిటికీ ఒడియాలో 'మాఛి' ఒక్కటే మాట. తెలుగిళ్ళలో 'పళ్ళ దోమలు' అనేస్తారు. దోమలు కావు, ఈగలే. శాస్త్రం వీటిని డ్రోసోఫిలా అంటుంది, లాబుల్లో పెంచేది అందులో మెలనోగాస్టర్ అనే జాతి. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల పొడవుంటాయి. ఒకదాన్ని పట్టి లెన్సు కింద పెడితే తలకి రెండు పక్కలా ఇటుక రంగు కళ్ళు కనిపిస్తాయి. మైక్రోస్కోపు కింద ఇంకాస్త పెంచి చూస్తే అది ఒక్క కన్ను కాదని తెలుస్తుంది. ఆరు పలకల గదులు 750 నుంచి 800 దాకా, తేనెపట్టులా, వరస తప్పకుండా పేర్చి ఉంటాయి. ఒక్కో గదినీ ఒమ్మటీడియం అంటారు.

గదిలో ఏముందో లెక్క కట్టి చెప్పొచ్చు. వెలుగుని పట్టే కణాలు ఎనిమిది. వాటికి ఆర్1 నుంచి ఆర్8 దాకా పేర్లు. పైన కటకాన్ని తయారుచేసే శంకు కణాలు నాలుగు. వాటిని రెండు చేతులతో పొదివి పట్టుకున్నట్టు ప్రాథమిక రంగు కణాలు రెండు. ఆ బయట పక్క గదులతో ఉమ్మడిగా ఉండే రంగు కణాలు, మూల విడిచి మూల ఒక సన్నటి వెంట్రుక. ఏ గది విప్పినా ఇదే లెక్క.

ఇంత కచ్చితంగా ఉందంటే ఒక తల్లి కణం విడిపోతూ విడిపోతూ ఒక గదిని మొత్తం కని ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. 1976లో రెడీ, హాన్సన్, బెంజర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఊహని పరీక్షించారు. లార్వా దశలో ఒక కణాన్ని దాని సంతానమంతా రంగు తేడాతో గుర్తుపట్టేలా మార్చి, పెద్ద ఈగ కంట్లో ఆ సంతానం ఎక్కడ తేలిందో చూశారు. మచ్చ అంచులో ఉన్న గదుల్లో రంగున్న కణాలూ లేని కణాలూ కలగలిసి ఉన్నాయి. ఎవరు ఎవరికి పుట్టారన్న దానితో పని లేదు. పక్కవాళ్ళు ఏం చెప్పారు, అప్పటికి ఆ కణం ఏ స్థితిలో ఉంది, ఈ రెండే తేలుస్తాయి.

ఆ చెప్పే మాటలు, అంటే కణాల మధ్య సంకేతాలు పంపే, అందుకునే ప్రోటీన్లు, కూడా పట్టుమని పది లేవు. హెడ్జ్‌హాగ్, డీపీపీ, వింగ్‌లెస్, నాచ్, ఈజీఎఫ్ రిసెప్టర్, సెవెన్‌లెస్. ఈ ఆరింటితో కథ దాదాపు మొత్తం నడుస్తుంది. ఒకే మాటని కణం ఒక గంటలో వింటే న్యూరాన్ అవుతుంది, ఇంకో పూట వింటే కటకం కడుతుంది, ప్యూపాలో వింటే చావు తప్పించుకుంటుంది. అందుకే పెద్ద ఈగ కన్ను ఎక్కడ చెడిందో చూస్తే, లోపల ఏ రోజు ఏ మాట తప్పిందో వెనక్కి లెక్క కట్టొచ్చు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కాలేజీల్లో ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు చదువుకుంటూ ఈగలు పెంచే పిల్లలకి పనికొస్తుందని ఆ లెక్క ఇక్కడ విప్పి చెబుతున్నాను. ఖరీదైన సామాను అక్కర్లేని పద్ధతులే ఎక్కువ.

ముందు ఈగలు బతకాలి

మెలనోగాస్టర్‌కి 25 డిగ్రీలు హాయి. ఆ వేడిలో గుడ్డు ఒక రోజులో పగులుతుంది. లార్వా మొదటి దశ ఒక రోజు, రెండో దశ ఒక రోజు, మూడో దశ రెండు రోజులు. ఆ పైన ప్యూపాగా నాలుగు రోజుల పైచిలుకు. మొత్తం పది రోజుల్లో కొత్త ఈగ బయటికొస్తుంది. 18 డిగ్రీల్లో ఇదే పని దాదాపు ఇరవై రోజులు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర వదలకుండా పెంచితే మగ ఈగలు గొడ్డుబోతాయి, వంశం అక్కడితో ఆఖరు. మన కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద గది కూడా 35 దాటడం మామూలే. కాబట్టి ఉష్ణోగ్రతని నిలకడగా ఉంచే బి.ఓ.డి. ఇంక్యుబేటర్ లేని కాలేజీ కొత్త రకాలు తెప్పించుకోవడం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోవాలి. బార్ (కన్ను కురచైన రకం), వైట్ (తెల్లకళ్ళ రకం) లాంటి మామూలు రకాలకి మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది. మే నెలలో పార్సిల్ వేయించుకుంటే సీసాలో వచ్చేది ఉడికిన ఈగలే.

ఆ మైసూరు వాళ్ళ మేతే మనకి వీలైనది, ఎందుకంటే సరుకంతా కిరాణా కొట్లోనే దొరుకుతుంది. లీటరు నీళ్ళకి ఉప్మా రవ్వ 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, అగర్ 10 గ్రాములు, బూజు పట్టకుండా మందుగా ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మిల్లీలీటర్లు. నీళ్ళు కాగాక అగర్ వేసి పూర్తిగా కరగనిచ్చి, బెల్లం వేసి, ఆ తర్వాత రవ్వని ఉప్మాకి పోసినట్టే సన్నగా జల్లుతూ కలపాలి. ఒక్కసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఉండ లోపల మందు చేరదు, బూజు మొదలయ్యేది అక్కడే. చిక్కబడ్డాక దించి, గిన్నె అంచు చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక ఆమ్లం కలపాలి. పొయ్యి మీద ఉండగానే పోస్తే సగం ఆవిరై మొహానికి కొడుతుంది, మేతలో మిగలదు, మూడో రోజుకి బూజు. సీసాల్లో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పోసి, పలచటి గుడ్డ కప్పి రాత్రంతా వదిలేయాలి. పొద్దున గోడలకి పట్టిన చెమ్మ తుడిచి, ఈస్టు చుక్క వేసి, దూది బిరడా పెట్టాలి. చెమ్మ తుడవకపోతే ఈగలు రెక్కలంటుకుని చస్తాయి. వానాకాలంలో మేత జారుగా అనిపిస్తే అగర్ ఇంకో గ్రాము పెంచండి. అగర్ బదులు చైనా గ్రాస్ వాడేవాళ్ళు ప్యాకెట్టు మార్చినప్పుడల్లా ముందు చిన్న గిన్నెలో గడ్డకడుతుందో లేదో చూసుకోవాలి. చీమలకి మాత్రం ఒక్కటే మందు: సీసాల స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు.

ఒక సీసాలో గుడ్లు మరీ ఎక్కువైతే లార్వాలకి తిండి చాలక ఈగలు చిన్నవైపోతాయి, కళ్ళూ చిన్నవవుతాయి. దాన్ని చూసి జన్యువు పనితనం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పోల్చే రెండు రకాల్నీ ఒకే రోజు వండిన మేత మీద, ఒకే సంఖ్యలో తల్లుల్ని వేసి పెంచాలి.

బజారులో పట్టిన ఈగల్ని నేరుగా వాడేయకండి. మన దేశంలో పళ్ళ మీద ముసిరేవాటిలో అనానాసే లాంటి వేరే జాతులు చాలా ఉంటాయి. మెలనోగాస్టర్ మగ ఈగకి పొట్ట చివర నల్లగా ఉంటుంది, ముందు కాలి మీద దువ్వెన పళ్ళలాంటి నల్లటి ముళ్ళ వరస ఒక్కటే ఉంటుంది. ఆడవాటిని చూసి తేల్చడం కష్టం. ఒక్కో ఆడ ఈగనీ విడి సీసాలో పెట్టి, దానికి పుట్టిన కొడుకుల్ని చూసి తేల్చుకోవడం మేలు.

డిస్కు, నాగటి చాలు

పెద్ద ఈగ కన్ను లార్వా లోపల ఒక చిన్న సంచిలా ఉంటుంది. దాన్నే ఐ-యాంటెన్నా డిస్కు అంటారు. ముందు వైపు గుండ్రటి భాగం మీసం అవుతుంది, వెనక విసనకర్రలా విచ్చుకున్న భాగం కన్ను అవుతుంది. ఇది కన్ను కావాలని మొదట తేల్చేది ఐలెస్ అనే జన్యువు, దాని వెంట సైన్ ఓక్యులిస్, ఐస్ యాబ్సెంట్, డాక్స్‌హుండ్. 1995లో గేరింగ్ బృందం ఐలెస్‌ని కాలి మీద, రెక్క మీద, మీసం మీద పనిచేయించి అక్కడ కళ్ళు మొలిపించింది. ఎలుకలో ఉండే దాని జోడీ పాక్స్6 పెట్టినా మొలిచింది ఈగ కన్నే. ఆ ఫోటో చూశాక చాలామంది ఐలెస్ ఒక్కటే చాలనుకుంటారు. చాలదు. కాలి డిస్కులో కూడా ఎక్కడ పడితే అక్కడ కన్ను రాదు, హెడ్జ్‌హాగ్, డీపీపీ అందే చోటే వస్తుంది. అధికారి సంతకం ఉన్నా, పక్కింటివాళ్ళు ఒప్పుకోనిదే గోడ లేవదు.

రెండో దశ దాకా కంటి డిస్కులో కణాలు విడిపోతూ పెరుగుతాయి, అంతే. మూడో దశ మొదట్లో డిస్కు వెనక అంచున ఒక గీత పడుతుంది. అక్కడి కణాలు పొట్టివై, పైభాగం ముడుచుకుని లోపలికి కుంగుతాయి. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన ఇంగ్లీషు పేరుకి తెలుగు సేద్యంలో సిద్ధంగా ఉన్న మాట నాగటి చాలు. ఈ చాలు వెనక నుంచి ముందుకి జరుగుతుంది. సుమారు రెండు గంటలకి ఒక వరస చొప్పున గదులు దాని వెనక మొలుస్తాయి. చాలు ముందున్న కణాలు ఇంకా ఏమీ కాలేదు, చాలులో ఉన్నవి విడిపోవడం ఆపి నిలబడ్డాయి, వెనకున్నవి న్యూరాన్లు అవుతున్నాయి. మగ్గం మీద బరంపురం పట్టు చూడండి. కుంభం అంచు పడిన బట్ట నేతగాడి వైపు చుట్టుకుంటుంది, అవతల వట్టి పడుగు దారాలే. ఒక్క డిస్కు తీసి చూస్తే రెండు రోజుల కాలమంతా వరసలుగా పరిచి ఉంటుంది. చాలు నుంచి పది వరసల వెనకున్న గది వయసు సుమారు ఇరవై గంటలు. ఈగ కన్ను ఇంతమందికి ఇష్టమైన బడి కావడానికి కారణం ఇదే. గడియారం ఇంత తేటగా కనపడే అవయవాలు అరుదు.

చాలుని నెట్టేది హెడ్జ్‌హాగ్. న్యూరాన్లు అవుతున్న వెనక కణాలు దాన్ని వదులుతాయి. అది కొద్ది దూరం ముందుకి పాకి, అక్కడి కణాల్ని చాలులోకి దింపుతుంది, వాటిచేత డీపీపీ చేయిస్తుంది. ఆ కణాలు న్యూరాన్లయ్యాక అవి హెడ్జ్‌హాగ్ వదులుతాయి. అలా ముందుకి ముందుకి. డిస్కు పై అంచు, కింది అంచుల్లో వింగ్‌లెస్ కాపలా ఉంటుంది, పక్కల నుంచి చాలు మొదలవనివ్వదు. వింగ్‌లెస్ లేకపోతే పై అంచు నుంచి వేరే చాలు బయల్దేరి వరసలు చెడతాయి.

దీన్ని కాలేజీలో చూపించడానికి బార్ ఈగ సరిపోతుంది. ఎక్స్ క్రోమోజోము మీద బార్ భాగం రెండింతలైన రకం ఇది. ఆ రెండింతల్ని 1936లో బ్రిడ్జెస్ లాలాజల గ్రంథి క్రోమోజోముల్లో చూపించాడు. అందులో చాలు మధ్యలోనే ఆగిపోతుంది. చాలు వెనక నుంచి వస్తుంది కాబట్టి బార్ కన్నులో లేనిది ముందు భాగం. మామూలు ఆడ ఈగకి సుమారు 780 గదులుంటే, ఒక్క బార్ ఉన్నదానికి 360 దగ్గర, రెండూ బార్ అయితే 70 దగ్గర. ఒక్క బార్ ఉన్న ఆడ ఈగ కన్ను ముందు వైపు నొక్కు పడి జీడిగింజలా కనిపిస్తుంది. వేడి పెరిగితే బార్ గదులు ఇంకా తగ్గుతాయి. అందుకే జనవరిలో లెక్కపెట్టిన సంఖ్యకీ మార్చిలో లెక్కపెట్టిన సంఖ్యకీ పొంతన కుదరక పిల్లలు రికార్డులో అంకెలు దిద్దేస్తుంటారు. దిద్దొద్దు. పక్కన ఆ రోజు సీసా దగ్గరి ఉష్ణోగ్రత రాయండి, తేడా ఎందుకొచ్చిందో అదే చెబుతుంది.

కర్చీఫ్ వేసినవాడిదే సీటు

చాలులోకి వచ్చిన కణాలన్నిటికీ మొదట ఒకే అర్హత. అటోనల్ అనే జన్యువు ఒక పట్టీగా అన్నిటిలోనూ వెలుగుతుంది. కాసేపటికి పట్టీ గుంపులుగా విడుతుంది, గుంపులో రెండు మూడు కణాలు మిగులుతాయి, చివరికి ఒక్కటే. అదే ఆర్8, గదికి పునాది రాయి. ఒక్కదాన్నే మిగిల్చే పని నాచ్‌ది.

ఇచ్ఛాపురం బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి ముందు కర్చీఫ్ వేసినవాడిదే సీటు, మిగతావాళ్ళు వెనక్కి తగ్గుతారు. ఇక్కడా అంతే. అటోనల్ కాస్త ఎక్కువున్న కణం తన పొర మీద డెల్టా అనే ప్రోటీన్‌ని నిలబెడుతుంది. పక్క కణం పొర మీది నాచ్‌కి అది తగలగానే నాచ్ తెగి, లోపలి ముక్క కేంద్రకంలోకి వెళ్ళి, అటోనల్‌ని అణిచే జన్యువుల్ని లేపుతుంది. అటోనల్ తగ్గిన కణానికి డెల్టా కూడా తగ్గుతుంది, ఎదురు చెప్పే శక్తి పోతుంది. కర్చీఫ్ ఉపమానం ఒక్క చోట కుదరదు: నాచ్ మొదట ఈ కణాలకి అర్హత పెంచుతుంది, తర్వాతే అణుస్తుంది. ఒకే మాట రెండు గంటల తేడాలో రెండు అర్థాలు. హెడ్జ్‌హాగ్, డీపీపీలకి దూరం పాకే గుణం ఉంది గానీ, నాచ్‌కి ఆనుకుని ఉంటేనే మాట అందుతుంది. ఇది పక్కాగా ఇరుగుపొరుగు వ్యవహారం.

నాచ్‌లో వేడికి మాత్రమే చెడే రకం ఒకటుంది. 18 డిగ్రీల్లో మామూలుగా పెరుగుతుంది, 30 దాటిస్తే నాచ్ పనిచేయదు. మూడో దశ లార్వాని కొన్ని గంటలు వేడిలో పెట్టి తిరిగి చల్లటి చోటికి తెస్తే, పుట్టిన ఈగ కంట్లో నిలువుగా ఒక మచ్చ పడుతుంది. ఆ కొన్ని గంటల్లో చాలు ఎక్కడుందో మచ్చ అక్కడ. ముందు రోజు వేడి చేస్తే మచ్చ వెనక, మర్నాడు చేస్తే ముందు. 1989లో కేగన్, రెడీ ఇలాంటి వేడి దెబ్బలతోనే నాచ్ ఒక్కసారి కాదు, న్యూరాన్లకి, శంకు కణాలకి, రంగు కణాలకి వరసగా మళ్ళీ మళ్ళీ కావాలని చూపించారు. ఈ రకాన్ని పెంచే చోట మధ్యాహ్నం కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగితే, ప్రయోగం చేయకుండానే ఫలితం వస్తుంది. థర్మోకోల్ పెట్టెలో నీళ్ళు గడ్డకట్టించిన సీసా సిద్ధంగా ఉంచుకోవడం దానికి చౌక బీమా.

ఆర్8 పుట్టాక మాట్లాడే వంతు దానిది. స్పిట్జ్ అనే ప్రోటీన్‌ని వదులుతుంది. అయితే స్పిట్జ్ పుట్టినప్పుడు పొరకి కట్టేసి ఉంటుంది. స్టార్ దాన్ని మోసుకెళ్తుంది, రొంబాయిడ్ కత్తిరిస్తుంది, అప్పుడే బయటపడుతుంది. పక్క కణాలు ఈజీఎఫ్ రిసెప్టర్‌తో దాన్ని పట్టి, ముందు ఆర్2, ఆర్5 అవుతాయి, తర్వాత ఆర్3, ఆర్4. చేరినవి కూడా స్పిట్జ్ వదులుతాయి కాబట్టి పిలుపు వెలుపలికి పాకుతుంది. ఐదుగురు చేరాక చుట్టూ మిగిలినవి ఇంకొక్కసారి విడిపోయి జనాన్ని పెంచుకుంటాయి. అప్పుడు ఆర్1, ఆర్6, చివరికి ఆర్7, ఆపైన శంకు కణాలు, రంగు కణాలు. అన్నిటికీ అదే రిసెప్టర్ అని 1996లో ఫ్రీమన్ చూపించాడు. ఇది ఆగకుండా పాకితే కన్నంతా న్యూరాన్లే అవ్వాలి. పిలుపు గట్టిగా విన్న కణాలే ఆర్గోస్ అనే విరుగుడు వదులుతాయి, అది దూరంగా పాకి స్పిట్జ్‌ని పట్టి కట్టేస్తుంది. దగ్గర పిలుపు, దూరం అడ్డు.

మరి అదే స్పిట్జ్ విన్న ఆర్2 ఆర్2గా, ఆర్1 ఆర్1గా ఎందుకయ్యాయి? వినే కణం అప్పటికే వేరు కాబట్టి. ఆర్2, ఆర్5లకి రఫ్ అనే జన్యువు కావాలి. ఆర్1, ఆర్6, ఆర్3, ఆర్4ల్లో సెవెన్-అప్ ఉంటుంది. చివరి విభజన తర్వాత వచ్చినవాటిలో లోజెంజ్ ఉంటుంది. పాఠం చెప్పేటప్పుడు సంకేతం బొమ్మ మాత్రమే గీసి, వినేవాడి చరిత్ర గీయకపోతే సగం పాఠమే చెప్పినట్టు.

ఏడోది లేని ఈగ

ఆర్7 అతినీలలోహిత కాంతిని పట్టే కణం. మామూలు ఈగకి ఒక పక్క అతినీలలోహితం, ఇంకో పక్క ఆకుపచ్చ వెలుగు చూపిస్తే అతినీలలోహితం వైపే పోతుంది. బెంజర్ లాబ్‌లో అలా పోని ఈగలు దొరికాయి. చూస్తే ప్రతి గదిలోనూ ఆర్7 లేదు. పేరు సెవెన్‌లెస్. ఆ జన్యువు ఆర్7 కాబోయే కణం పొర మీది రిసెప్టర్ అని తేలింది. దానికి తగిలే ప్రోటీన్ ఆర్8 మీద ఉంటుంది, పేరు బ్రైడ్ ఆఫ్ సెవెన్‌లెస్, అంటే సెవెన్‌లెస్ పెళ్ళికూతురు, ముద్దుగా బాస్. లోపల మాట అందించేవాడు సెవెన్‌లెస్ కొడుకు, సాస్. తర్వాత కూతురు డాస్ కూడా వచ్చింది. ఇన్ని బంధుత్వాలు పెట్టినవాళ్ళు అత్తగారిని ఎలా మరిచారో! తగలగానే సాస్ రాస్‌ని లేపుతుంది, రాస్ నుంచి రాఫ్, మెక్, మ్యాప్ కైనేజ్ వరసగా లేచి, కేంద్రకంలో యాన్ అనే అడ్డుని తొలగించి, పాయింటెడ్‌ని పనిలో పెడతాయి. ఫిల్లోపాడ్, సినా కలిసి ట్రామ్‌ట్రాక్ అనే ఇంకో అడ్డుని విరిచేస్తాయి. అప్పుడు ఆ కణం ఆర్7. ఈ మాట అందకపోతే చచ్చిపోదు, శంకు కణం అయిపోతుంది.

ఈ వరసని వెలికితీసిన తెలివి చెప్పుకోదగ్గది. 1991లో రూబిన్ లాబ్‌లో సెవెన్‌లెస్‌ని అంచున నిలబెట్టారు. 22.7 డిగ్రీల్లో ఆర్7 వస్తుంది, 24.3లో రాదు. 1.6 డిగ్రీల తేడా! ఆ అంచున ఉన్నప్పుడు లోపలి జన్యువుల్లో దేనిది ఒక్క కాపీ తగ్గినా ఆర్7 మాయమవుతుంది. అలా సాస్, రాస్ బయటపడ్డాయి. మనుషుల్లో సాస్ జన్యువు దోషం పుట్టుకతో వచ్చే నూనన్ సిండ్రోమ్‌కి ఒక కారణం, రాస్ దోషాలు ఎన్నో క్యాన్సర్లలో ఉన్నాయి.

సెవెన్‌లెస్ కంటిని బయటి నుంచి చూస్తే మాత్రం దాదాపు ఏ లోపమూ కనపడదు. కటకాలు నున్నగా, వరసగా ఉంటాయి. 'కన్ను బాగుంది, కాబట్టి జన్యువు బాగుంది' అని రాయడం ఇక్కడ బోల్తా కొడుతుంది. తిరగేసి, రాస్‌ని ఎప్పుడూ లేచే ఉండేలా చేస్తే శంకు కణాలు కావాల్సినవి ఆర్7లవుతాయి, కటకం చెడి కన్ను గరుకవుతుంది.

లోపల చూడటానికి నూనె పద్ధతి ఉంది. అప్పుడే మత్తెక్కించిన ఎర్రకళ్ళ ఈగ తల బ్లేడుతో కోసి, స్లైడు మీద ఒక కన్ను పైకి వచ్చేలా పారదర్శక గోళ్ళ రంగు చుక్కతో అంటించి, పైన ఇమ్మర్షన్ ఆయిల్ వేయాలి. నూనె కటకం వంపుని మాయం చేస్తుంది. కండెన్సర్ కింద నుంచి గట్టి వెలుతురు తల గుండా పంపి 40 లేదా 100 రెట్ల ఆబ్జెక్టివ్‌తో చూస్తే ఒక్కో గదిలో మెరిసే చుక్కలు ఏడు కనిపిస్తాయి. ఆరు బయట ఒక వంకర చతురస్రంలా, మధ్యన ఏడోది. ఎనిమిది కనపడవు, ఆర్8 ఆర్7 కింద ఉంటుంది. సెవెన్‌లెస్‌లో ఆర్7 లోతున మధ్య చుక్క ఉండదు. తెల్లకళ్ళ ఈగలతో ఈ పని చేయకండి, వెలుతురు గదుల మధ్య కారిపోయి చుక్కలు తేటగా రావు. కోసిన తలని అరగంట వదిలేసినా చుక్కలు మసకబారతాయి. స్లైడుని మెల్లగా పైకీ కిందికీ జరిపితే ఒక గీత దాటాక వంకర చతురస్రాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. కంటి నడిమి గీత అదే. పై సగం గదులు ఒక దిక్కుకి, కింది సగం ఎదురు దిక్కుకి 90 డిగ్రీలు తిరిగినందువల్ల అది వస్తుంది. ఏ దిక్కని తేల్చేది ఫ్రిజిల్డ్ అనే జన్యువు, దాని వెనక మళ్ళీ నాచ్, ఆర్3, ఆర్4ల మధ్య.

గోళ్ళ రంగు అచ్చు

గరుకు కన్నుల్ని చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలని ఎవరైనా అంటే, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి 2006లో వచ్చిన పద్ధతి చూపించండి. స్లైడు మీద పారదర్శక గోళ్ళ రంగు చుక్క వేసి, కోసిన తలని అందులో ముంచి తీసి, ఐదు పది నిమిషాలు ఆరనివ్వాలి. ఆరిన పొరని సన్నటి సూదులతో కంటి మీద నుంచి ఒలిచి, అచ్చు పడిన వైపు పైకి ఉండేలా వేరే స్లైడు మీద పెట్టి, కవర్ స్లిప్‌తో మెల్లగా అణచి, 20 రెట్ల ఆబ్జెక్టివ్ కింద చూడాలి. ప్రతి కటకం, ప్రతి వెంట్రుక గుంట అచ్చులో పడతాయి.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. సీసా పాతబడి రంగు చిక్కబడితే అచ్చులో గాలి బుడగలు, వాటిని చూసి కటకాలు కలిసిపోయాయని రాసేస్తారు. పూర్తిగా ఆరకముందే ఒలిస్తే పొర సాగి, ఆరు పలకలు నిలువుగా పొడుగవుతాయి. వానాకాలపు చెమ్మలో పది నిమిషాలు చాలవు, ఇరవై ఇవ్వండి. మూడోది, అచ్చు తలకిందులుగా పెట్టడం. అంచుల మీద ఫోకస్ తేలిపోతే తిప్పి చూడండి.

అచ్చులో చూడాల్సింది ఏమిటి? గదులు నాలుగు పలకలుగా మారితే పక్కల రంగు కణాల లెక్క తప్పింది. అవి ప్యూపాలో తేలుతాయి. అవసరానికి మించి ఉన్న కణాలు అప్పుడు చస్తాయి, ఈజీఎఫ్ రిసెప్టర్ మాట అందినవి మిగులుతాయి. ఒకే మూలలో రెండు మూడు వెంట్రుకలుంటే నాచ్‌ని అనుమానించాలి. కన్ను చిన్నదై కొద్దిగా గరుకైతే స్టార్ లాంటివి. ముందు భాగమే లేకపోతే చాలు ఆగింది. కావాల్సిన జన్యువుని కావాల్సిన చోట పనిచేయించే గాల్4 పద్ధతి వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక: కంట్లో పనిచేయించే జీఎంఆర్-గాల్4 రెండు కాపీలున్నా, 29 డిగ్రీల్లో పెంచినా, మీరు ఏ జన్యువూ కలపకపోయినా కన్ను గరుకవుతుంది. అది ఒక్కటే ఉన్న ఈగల్ని అదే వేడిలో పక్కన పెంచకపోతే మీ గరుకుతనం ఎవరిదో చెప్పలేరు.

డిస్కు తీయాలంటే

సీసా గోడ ఎక్కి తిరుగుతున్న లార్వాలనే పట్టాలి, మేతలో ఉన్నవి ఇంకా చిన్నవి. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం చుక్కలో, ఒక పట్టకారుతో నోటి నల్లటి కొక్కేలని, ఇంకోదానితో నడుముని పట్టి మెల్లగా లాగాలి. కొక్కేల వెంట మెదడు, దానికి వేలాడుతూ రెండు డిస్కులు వస్తాయి. కొవ్వు, లాలాజల గ్రంథులు తీసేయండి, కొక్కేలు మాత్రం వదలకండి. అవి పిడిలా పనికొస్తాయి, లేకపోతే కడిగేటప్పుడు డిస్కులు నీళ్ళతో పాటు పోతాయి. 4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు, తర్వాత 0.3 శాతం ట్రైటాన్ కలిపిన పీబీఎస్‌తో మూడుసార్లు కడగాలి. న్యూరాన్ల కోసం, వాటిలో ఉండే ఎలావ్ అనే ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీ రాత్రంతా 4 డిగ్రీల్లో, మర్నాడు రెండో యాంటీబాడీ రెండు గంటలు, చివర గ్లిసరాల్‌లో మౌంటు. పద్ధతుల్లో గది ఉష్ణోగ్రత అని రాసి ఉంటే అది 22 నుంచి 25. మన మే నెల గది కాదు. 36 డిగ్రీల్లో అదే 20 నిమిషాలు ఉంచితే ఫిక్స్ ఎక్కువై యాంటీబాడీ సరిగా అంటదు, దోషం యాంటీబాడీ కంపెనీ మీదికి పోతుంది.

స్లైడు మీద డిస్కు ఏ వైపు తిరిగి ఉందో తేల్చుకోవడానికి మీసం భాగం ముందు, మెదడుకి కలిపే కాడ వెనక అని గుర్తుపెట్టుకోవాలి. కాడ వైపు ఎలావ్ చుక్కలు ఎనిమిదేసి గుంపులుగా నిండి ఉంటాయి, ముందుకి వచ్చేకొద్దీ ఐదేసి, ఆ తర్వాత ఒక్కొక్కటే, ఆ పైన ఖాళీ. గుంపులు ఆగిన చోట చాలు ఉంది.